లీలమ్మ బెట్ట

డిసెంబరు రెండో వారంలో గుర్వయ్య ఏటా చేసే పనే ఆ ఏడు కూడా చేసిండు. పొద్దుగాల చాయ తాగి, తలకు తువ్వాల చుట్టుకొని తోటకు పోయి, బోరు దగ్గర గేట్‌వాల్ గట్టిగా తిప్పి బంద్ చేసిండు. ఇంటికొచ్చి, పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తున్న పెండ్లాంతో చెప్పిండు.

"ఇయ్యాల్టి సంది బెట్ట, లీలా."

"ఎరికైంది. పొద్దుగాలనే నాలుక పిడుచ కట్టింది," అని లీలమ్మ రొట్టె తిప్పేసింది. "ఉప్పు, కారం, పప్పు అన్నీ కింది అరల పెట్టిన. నేను లేవకున్నా మీకు దొరుకుతయి."

బత్తాయి పెంచినోళ్లకు బెట్ట సంగతి చెప్పే పనే లేదు గాని, పెంచనోళ్ల కోసం రెండు ముక్కలు. బత్తాయి మొండి చెట్టు. నీళ్లు సుఖంగా దొరికినన్ని దినాలు ఆకులేసుకుంట కూసుంటది తప్ప పూత మాటెత్తదు. అందుకని నల్గొండ దిక్కు రైతులు చలికాలంలో నెల మీద కొన్ని దినాలు నీళ్లు ఆపుతరు. ఆకు ముడుచుకుంటది, పండుబారుతది, కొంత రాలుతది. చెట్టుకు ప్రాణభయం పట్టుకుంటది. అప్పుడు ఎరువేసి ఒక్కసారి నీళ్లిడిస్తే, బతికి బయటపడ్డ ఆత్రానికి కొమ్మకొమ్మకూ పూత. ఆ ఎండబెట్టుడే బెట్ట. ఎన్ని దినాలు పెట్టాల్నో ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఉండదు. చూసి తెలుసుకోవాలె.

గుర్వయ్య తోట నూట నలభై చెట్లు. నాటిన ఏడే లీలమ్మ పాలమూరు దిక్కు నుంచి ఆ ఇంటికి కోడలై వచ్చింది. పద్దెనిమిదేండ్ల పిల్ల. నాటిన నాడు ప్రతి పాదుకూ మొదటి బిందె ఆమే పోసింది. అప్పటినుంచి తోట ఎట్లుంటే ఆమె అట్ల. నీళ్లు పారితే చెంపలు నిండుతయి. ఎరువేస్తే వారంలోనే వెంట్రుకలు బెత్తెడు పెరుగుతయి. పూత మీద ఆమె బజారుకు పోతే తేనెటీగలు వెంటబడతయి, కూరగాయలమ్మేటోళ్లు "లీలక్కా, జర అటు నిలబడు" అంటరు. బెట్టలో తోటతో పాటు ఎండుతది. దీన్ని వింత అన్నోడు ఊర్లో లేడు. బీపీ ఉన్నోళ్లకు బీపీ ఉన్నట్టు, లీలమ్మకు తోట ఉన్నది.

పైగా అది పదిమందికి పనికొచ్చేది. పక్క తోట మల్లప్ప బెట్ట రోజుల్లో రెండు దినాలకోసారి వాకిట్లో నిలబడి కేకేస్తడు.

"వదినా, పెదాలు పగిలినయా?"

"ఎడమ మూల పగిలింది మల్లప్పా. కుడి మూలకు ఇంకో నాలుగు దినాలు పడతది."

"గట్లయితే నేను ఐతారం నీళ్లిడుస్త."

"ఇడువు. పూత మంచిగొస్తే నాకో చీర పెట్టు, ఉత్తగనే చూసిపోతవేంది ఏటా!"

ఇట్ల నవ్వులాటగానే నడిచింది పాతికేండ్లు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు అది. వానలు రెండేండ్ల సంది మొఖం చాటేసినయి. నల్గొండ నుంచి నందికొండ పోయే తొవ్వలో, కాలువకు మీద పడ్డ ఊరు వాళ్లది. కాలువ కింది ఊర్లకు సాగర్ నీళ్లు, వీళ్లకు బోర్లు. ముందటేడు గుర్వయ్యకు పెండ్లాం మీద జాలి కలిగి వారం ముందుగాలనే వాల్ తిప్పిండు. పూత పలచగా వచ్చింది. చాయ హోటల్ దగ్గర కూసున్నోళ్లు ఊకుంటరా?

"గుర్వయ్య తోటకు నీళ్లు పెట్టలే, పెండ్లాం నోట్లె పోసిండు," అని నవ్విన్రు. ఆ మాట ఆయనకు ముల్లులెక్క దిగి, ఏడాదంతా లోపలనే ఉన్నది.

అందుకని ఈసారి గట్టిగుండాలె అనుకున్నడు.

ముప్పై ఐదో దినం. లీలమ్మ మంచం మీద గోడకానుకొని కూసున్నది. తోలు ముడతలు పడి ముంజేతుల మీద మడతపెట్టినట్టున్నది. తల దువ్వితే వెంట్రుకలు పండుటాకుల లెక్క రాలుతున్నయి. గుర్వయ్య పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నడు. మణికట్టులో ఏందో చప్పుడు. టిక్. కొంతసేపటికి మళ్లీ, టిక్.

ఆ చప్పుడేందో ఆయనకు తెలుసు. ఆ తోటకు మొక్కలిచ్చిన నర్సరీ బీరన్న ఎన్నడో చెప్పి ఉన్నడు. "చెట్టుకు మోటరు కింద లేదు గుర్వా, మీద ఉన్నది. ఎండకు ఆకులల్ల నీళ్లు ఆవిరైతుంటే, ఆ ఆకు కింది నీళ్లను గుంజుతది. వేరు కాడికెల్లి ఆకుదాంక కట్టె లోపట నీళ్లు ఒక్కటే తీగ లెక్క నిలబడి ఉంటయి. భూమి నీళ్లియ్యక, ఆకు గుంజుడు ఆపకపోతే ఆ తీగ పటుక్కున తెగుతది. తెగిన కాడ గాలి జొరబడుతది. ఆ దారి ఇగ పని చెయ్యది."

తీగలు తెగుతున్నయని గుర్వయ్యకు తెలిసింది. అయినా అడిగిండు.

"ఇంకో పది దినాలు ఓర్సుకుంటవా లీలా?"

లీలమ్మకు మాట్లాడనీకె నోట్లో తడి లేదు. తల ఊగింది. గుర్వయ్య దాన్ని అవునన్నట్టే తీసుకున్నడు. ఒప్పుకొని ఊపిందో, మెడ నిలవక ఊగిందో, ఇంకోసారి అడిగితే తెలిసేదే. అడగలే.

నలభై ఐదో దినం పొద్దుగాల గంపెడు ఆశతో పోయి వాల్ తిప్పి మోటరేసిండు. మోటరు గుర్రుమన్నది. పైపులో నుంచి ఇంత గాలి, ఇంత ఎర్రదుమ్ము, గుక్కెడు బురదనీళ్లు వచ్చినయి. తర్వాత గాలి కూడా రాలేదు. మనిషిని పిలిపించి పైపులు ఇంకా కిందికి దింపించిండు. అడుగంతా పొడి. నలభై ఐదు దినాలు తను నీళ్లు వాడకపోయినా, ఊరు ఊరంతా తోడింది. బోరు ఎవరి కోసమూ దాచిపెట్టదు.

డిగ్రీ చదువుతున్న బిడ్డ మనీష నల్గొండ నుంచి ఉరికొచ్చింది. తల్లిని ఆటోలో దవాఖానకు తీస్కపోయిన్రు. నర్సు సీసా ఎక్కియ్యనీకె రెండు చేతులూ వెతికింది, నరం దొరకలే. డాక్టరమ్మ వచ్చి కంటిరెప్ప ఎత్తి చూసి, చీటీ రాసుకుంటనే అడిగింది.

"తోటకు నీళ్లెప్పుడు పెట్టిన్రు?"

"నలభై ఐదు దినాలైతుంది మేడం."

"మరి ఇక్కడికెందుకు తెచ్చిన్రయ్యా? ముందు పోయి తోటకు పెట్టుండ్రి. నేను చేసేదేముంది?"

పానగల్ దిక్కు నుంచి నీళ్ల ట్యాంకరు మాట్లాడిండు గుర్వయ్య. చెట్టు పెద్దది, దినానికి వంద లీటర్లయినా తాగుతది. ఐదువేల లీటర్ల ట్యాంకరు యాభై చెట్లకు సరి. తోటకు మూడు కావాలె. దొరికేది దినానికి ఒక్కటి, అదీ ఊరందరితో కొట్లాడితే. పోసిన నీళ్లు పాదులో ఇంకుతున్నయి గాని ఆకులు తేరుకుంటలేవు. లీలమ్మ మణికట్టులో చప్పుడు ఆగలే.

బీరన్నను పిలిపించిన్రు. డెబ్భై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ చిన్న కత్తి. తోటంతా తిరిగి, చెట్ల బెరడు గోటితో గీకి చూసిండు.

"తలలు కొట్టాలె," అన్నడు.

"అన్నింటికా?"

"అన్నింటికి. ఉన్న గుక్కెడు నీళ్లను ఇన్ని ఆకులు గుంజుతుంటే ఎవరికీ సరిపోతలేవు. ఆకు లేకపోతే గుంజుడు ఉండది. వేర్లల్ల ఇన్నేండ్లు దాచుకున్న తిండి కొంత ఉంటది, దానితోని కొన్ని దినాలు ఈడుస్తది."

"ఆకులు పోతే మరి లీలకు..."

బీరన్న కత్తి మడిచి జేబులో పెట్టుకున్నడు. "ఆకుల ఉన్నది పోతది గుర్వా. వేర్ల ఉన్నది ఉంటది. గంతకంటే నాకు తెల్వది."

తెల్లారి రంపాలు పట్టుకొని నలుగురు దిగిన్రు. మల్లప్ప కూడా వచ్చిండు. మొత్తం పద్నాలుగు వరుసలు, వరుసకు పది చెట్లు. మనీష ఇంట్లో తల్లి దగ్గర కూసొని ఫోన్ చేస్తున్నది.

రెండు వరుసలు కొట్టేసరికి: "నాయినా, కొంచెం నీళ్లు మింగింది. గొంతు లేచింది. ఉప్పు ఎక్కడున్నది అని అడిగితే, ఏ ఉప్పు అంటుంది."

ఆరు వరుసలకు: "చప్పుడు తక్కువైంది నాయినా. గాని పెద్దమ్మ వచ్చి పలకరిస్తే గుర్తుపట్టలే."

పది వరుసలకు: "నువ్వు తెలుసా అని అడిగిన. గుర్వయ్య అని పేరు కూడ చెప్పిన. గా పేరుగల్లాయన మా ఊర్లె లేడు అన్నది."

గుర్వయ్య ఫోన్ చెవికి పెట్టుకొనే రంపం లాగిండు. మల్లప్ప ఆయన మొఖం చూసి పక్క చెట్టుకు పోయిండు. పచ్చి కొమ్మల వాసన తోటంతా కమ్ముకున్నది. కోసిన ప్రతి కొమ్మ చివర తడి మచ్చ కూడా లేదు.

పదమూడో వరుస అయిపోయినంక ఫోన్ మళ్లీ మోగింది. మనీష చాలాసేపు ఏడుపే.

"ఆపు నాయినా. ఇగ చాలు. నన్ను అక్కా అంటుంది. ఎవరింటికొచ్చినం అక్కా అని అడుగుతుంది. ఆ ఒక్క వరుసన్న ఉంచు."

"చప్పుడు ఆగిందా బిడ్డా?"

"...ఆగలే. సన్నగ ఉన్నది."

గుర్వయ్య రంపం కింద పెట్టి, ఆ చివరి వరుస పది చెట్లనూ చూసిండు. వాటి మీదనే కొద్దిగా ఆకు మిగిలింది. ముప్పై ఐదో దినంనాడు తనకు వినపడిందే ఇప్పుడు బిడ్డకు వినపడుతున్నది. ఆనాడు విన్నది విననట్టు లేచిపోయిండు. ఫోన్ కట్టేసి, రంపం ఎత్తి, ఆ పది చెట్లనూ ఇంకెవరినీ ముట్టనియ్యకుండా తనే కొట్టిండు.

లీలమ్మ బతికింది.

మోడుల తలలకు ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తిన్రు. ఇప్పుడు దినానికి ఒక్క ట్యాంకరు సరిపోయింది, ఇంకా మిగిలింది. పదిహేను దినాలకు ముంజేతుల మడతలు విప్పుకున్నయి. లేచి వాకిట్లోకి వచ్చింది. నలభై మూడేండ్ల ఆ మనిషి గోడ మీదికెక్కి కూసొని కాళ్లూపుకుంట, మనీషను పిలిచేది.

"అక్కా, మా బాపు ఎప్పుడొస్తడే? జొన్న చేను కంకి మీదున్నది. నేను మంచె ఎక్కి కొట్టకపోతే పిట్టలన్నీ తింటయి. నా వడిసెల ఏడ పెట్టిన్రు?"

ఆమె బాపు చచ్చిపోయి పన్నెండేండ్లు. మనీషకు ఎట్ల చెప్పాల్నో తెలియక "వస్తడు" అనేది. గుర్వయ్య అన్నం కంచం తెచ్చి ముందు పెడితే, కొంగు సర్దుకొని, పరాయి మొగోని ముందు ఎట్లుంటరో అట్ల తలొంచుకునేది. "నువ్వు మంచోనివి అయ్యా," అన్నదొకసారి. ఆయన పశువుల కొట్టంలోకి పోయి చాలాసేపు బయటికి రాలే.

ఫిబ్రవరి ఆఖరుకు మోడులకు చిగుళ్లు వచ్చినయి. మల్లప్ప సంబురంగా కేకేసి పిలిచిండు. గుర్వయ్య ఉరికొచ్చి చూసిండు. చిగురు మీద లేదు. అన్నింటికీ కిందనే, నేల మీద జానెడు ఎత్తులోపల. ఆకు చిన్నది, ముల్లు పొడుగు.

బీరన్న వంగి ఒక ఆకు నలిపి వాసన చూసిండు.

"జంబేరి."

"అదేందన్నా? నేను పెట్టింది బత్తాయి కద."

"నువ్వు పెట్టింది మీద బత్తాయి, కింద జంబేరి, ముండ్ల పుల్లనిమ్మ. ఉత్త బత్తాయి వేరు మన చెల్కల నిలవదు. జంబేరి మొక్క పెంచి, దాని బెరడు చీల్చి, బత్తాయి కన్ను లోపట పెట్టి పట్టి కడతం. కన్ను అతికినంక జంబేరి తల కోసేస్తం. ఇగ అది మళ్లా చిగురేస్తే ఎప్పటికప్పుడు గిల్లేస్తం. వేరు నీళ్లు గుంజి కట్టె లోపలికెల్లి మీదికి పంపుతది. బత్తాయి ఆకు తీపి వండి, బెరడుకెల్లి కిందికి దింపుతది. ఆ తిండి మీదనే వేరు బతుకుతది. పాతికేండ్లు గదే పని. ఇన్నేండ్లకు జంబేరికి తన సొంత ఆకు రానిచ్చినవ్, గంతే."

మనీష అక్కడనే ఉన్నది. "మా అమ్మ మళ్లా రాదా తాతా?" అని అడిగింది.

బీరన్న గడ్డం గోక్కున్నడు. "ఒక్కటే ఉన్నది. ఈ కింది చిగుళ్లు గిల్లేస్తే ఉన్న బలమంత మీదికి పోతది. మీద బత్తాయి కన్ను ఏడన్న బతికుంటే లేస్తది. బతికి లేకపోతే, వేరుకు తిండి పెట్టనీకె ఒక్క ఆకు కూడ మిగలదు. ఎండిపోతది."

"ఒక్క చెట్టుకు చూద్దాం నాయినా," అన్నది మనీష. "ఒక్కదానికి."

గుర్వయ్య ఒక మోడు దగ్గర మోకాళ్ల మీద కూసొని, చిగుళ్లు ఒక్కొక్కటే గిల్లిండు. వారం దినాలు ఆ చెట్టుకు రెండంతల నీళ్లు పోసిండు. మీద ఏమీ లేవలే. ఎనిమిదో దినం అన్నం తినుకుంట లీలమ్మ ఎడమచేతి చిటికెన వేలు చూపించింది.

"అక్కా, దీనికి ఏమైందో చూడు. ముట్టుకుంటే పుల్ల లెక్కున్నది."

మనీష ఆ వేలును గుప్పిట్లో పట్టుకొని తండ్రి దిక్కు చూసింది. తెల్లారి గుర్వయ్య బీరన్నకు కబురు పంపిండు, ఇంకే చెట్టునూ ముట్టేది లేదని. ఆ తర్వాత పాలమూరుకు, బామ్మర్ది లింగస్వామికి ఫోన్ చేసి, వచ్చి అక్కను తోలుకపొమ్మన్నడు.

లింగస్వామి లీలమ్మకు మూడేండ్లు చిన్న. నలభై ఏండ్లకే మీసం నెరిసింది, భుజం మీద గొంగడి. అచ్చం వాళ్ల బాపు పోలిక. ఆటో దిగి వాకిట్లో కాలు పెట్టిండో లేదో, లీలమ్మ గోడ మీది నుంచి దునికింది.

"బాపూ! గిన్ని దినాలా? లింగడేడి, తోలుకరాలేదా? చేను ఎట్లున్నది?"

లింగస్వామి కండ్లు గుర్వయ్య మీదికి పోయినయి. గుర్వయ్య నేల చూసిండు. లింగస్వామి అక్క నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

"లింగడు చేను కాడ ఉన్నడు బిడ్డా. పోదాం పా."

బస్టాండు దాకా సంచి గుర్వయ్య మోసిండు. లీలమ్మ మనీష చెయ్యి పట్టుకొని ముందు నడుస్తున్నది. మనీషతో ఏందేందో ముచ్చట్లు. మా ఊరికి రా అక్కా, మంచె మీద కూసుంటే చల్లగుంటది, ఎండకాలం మోదుగు పూలు చూపిస్త. మనీష వస్త వస్త అన్నది. బస్సు వచ్చినంక లీలమ్మ కిటికీ పక్క సీట్లో కూసున్నది. పక్కన కూసున్న ఆడామె సంచి అందిస్తున్న గుర్వయ్యను చూసి అడిగింది.

"ఎవరమ్మా, మీ ఆయనా?"

"అయ్యో, కాదు," అని లీలమ్మ సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "నాకు జరమొచ్చి పడిపోతే ఈళ్లింట్ల పెట్టుకొని చూసుకున్నరు. తోట ఉండెనంట, పాపం, ఎండిపోయిందంట."

బస్సు పోయింది. మనీష నల్గొండ బస్సు ఎక్కింది, పరీక్షలున్నయి. గుర్వయ్య నడుచుకుంట తోటకు వచ్చిండు.

ఆ ఎండకాలం ఊర్లో సగం తోటలు పీకేసిన్రు. జేసీబీలు వేర్లతో సహా లేపి కుప్పలేసినయి, బట్టీలోళ్లు కట్టె ఎత్తుకపోయిన్రు. మల్లప్ప తోట కూడా పోయింది. ఆయన పోయే తొవ్వలో ఆగి, గెట్టు మీద నిలబడి అడిగిండు.

"అన్నా, ఆ జంబేరి ఎవడు కొంటడే? నోట్లె పెడితే పండ్లు జివ్వుమంటయి. ముండ్లు చూస్తే మేకలు కూడ రావు. జేసీబీ ఇక్కడనే ఉన్నది, నీది కూడ పీకిపిస్త, రెండు గంటల పని."

"వద్దు మల్లప్పా."

"మరి ఏం చేస్తవే దీంతోని?"

"నీళ్లు పెడుత."

"ఎన్ని దినాలు?"

గుర్వయ్య పైపు చుట్ట విప్పుకుంట, "నేనున్నన్ని దినాలు," అన్నడు. "ఇగ బెట్ట పెట్టనే పెట్ట. పూత రాకున్నా మంచిదే."

మల్లప్ప గెట్టు దిగిండు. ట్యాంకరు నల్లా తిప్పి, పైపు మొదటి కొస ఆయనే పట్టుకున్నడు.

నాలుగు వరుసలైనయి. గుర్వయ్య అంగీ జేబులో ఫోన్ మోగింది. లింగస్వామి.

"బావా, ఇయ్యాల జర ఎక్కువ పోసినవా ఏంది? పొద్దుగాల సంది మంచె దిగుతలేదు. చేన్ల కంకి లేదు, పిట్ట లేదు, ఉత్త కొయ్యకాళ్లే ఉన్నయి. అయినా కేకలేస్తనే ఉన్నది. ఊరంత వినొస్తుంది."

"అన్నం తిన్నదా?"

"రెండు సార్లు."

"వేలు?"

"వేలు గట్లనే ఉన్నది. దాని ఫికర్ ఆమెకేం లేదు."

గుర్వయ్య సరే అని ఫోన్ జేబులో పెట్టుకున్నడు. పాదు నిండి నీళ్లు గట్టు దాటుతున్నయి. మల్లప్పకు చెప్పి, ఇద్దరూ కలిసి పైపును ఐదో వరుసకు లాగిన్రు.